నేను కప్పిన మొహం

నేను ఒక్క తలకు చెందినదాన్ని కాను. ఎందరో ఆడవాళ్ళు మొక్కు చెల్లించుకుని కొండ దిగిపోయాక మిగిలిన తలనీలాల్లోంచి, పొడుగూ నలుపూ చూసి ఏరి తెచ్చిన వెంట్రుకలతో నన్ను కట్టారు. ఒక పాయ బిడ్డ జ్వరం తగ్గినందుకు ఇచ్చింది. ఇంకో పాయ మొగుడు తాగుడు మానినందుకు. దాని పక్కది, ఇంకెవరి మొగుడో మానినట్టే మాని మళ్ళీ మొదలుపెట్టినందుకు. ఇన్ని ఇళ్ళ గొడవలు ఒక్కచోట చేరితే స్వభావం నెమ్మదిగా ఎలా ఉంటుంది? నన్ను విగ్గు అంటారు.

నన్ను కట్టినవాడు తెనాలిలో అంజయ్య. చిన్న వల ముందు పెట్టుకుని, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే లాగి ముడి వేసేవాడు. కళ్ళు మంట పుడితే చెంబులో నీళ్ళు చల్లుకుని మళ్ళీ కూర్చునేవాడు. నేను పూర్తయిన రోజు నన్ను పిడికిలి మీద పెట్టుకుని తిప్పి చూసి, పక్కింటాయనతో, "జుట్టు ఇట్టా కుదిరితే మొహానికి అందం దానంతటదే వస్తుందయ్యా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. కళ్ళు పోగొట్టుకుని కట్టింది నన్ను, పేరు దక్కేది మొహానికా? నాకు అసూయ పుట్టింది ఆ రోజే. ఆ తర్వాత ఎన్ని తలలు మారినా అది మాత్రం నన్ను వదలలేదు.

మొదట నన్ను పెట్టుకున్నది సీతాపతి అనే నాటకాలాయన. పువ్వు తనకు దక్కలేదని అలిగి మూతి తిప్పుకునే రాణి వేషం ఆయనది. నన్ను పొడుగాటి జడగా అల్లి, చివర కుచ్చులు కట్టేవారు. ఆయన జడను వెనకనుంచి ముందుకు విసిరితే జనం ఈలలు వేసేవాళ్ళు. ఆ ఈలలు నావి. కానీ నాటకం అయిపోగానే నన్ను మేకుకు తగిలించేవాళ్ళు. జనం వచ్చి ఆయన బట్టతలకు దండం పెట్టి, "ఎంత బాగా అలిగారండీ" అనేవాళ్ళు. అలిగింది ఎవరో నాకు తెలుసు.

నాటకాలు తగ్గి, ఆయన మోకాళ్ళు కూడా అరిగాక, నన్ను హైదరాబాదు కృష్ణానగర్‌లో ఖాదర్ భాయ్ అద్దె విగ్గుల దుకాణానికి అమ్మేశారు. అక్కడ జడ విప్పేశారు. టీవీ సీరియళ్ళలో ఒక అత్తగారి తల మీద ఉండి కొన్నాళ్ళు కోడళ్ళను సాధించాను. అద్దాల పెట్టెలో ఒక హీరోగారి చిన్న విగ్గు ఉండేది. దానికి రోజూ దువ్వెన, మెత్తటి బ్రష్షూ. నాకు గోడ మీద మేకు. ఆ పొట్టిదాన్ని చూసినప్పుడల్లా నా కొసలు చిట్లేవి.

అలాంటి రోజుల్లో రత్నం వచ్చింది.

ఆమె పేరు నూకరత్నం. తుని దగ్గర పల్లె. మొగుడు సినిమా సెట్లు వేసే వడ్రంగి. ఆమె డూపు పని చేసేది, అంటే హీరోయిన్ పరిగెత్తాల్సినచోట ఆమె పరిగెత్తేది, హీరోయిన్ మెట్ల మీంచి పడాల్సినచోట ఆమె పడేది. ఆమె వీపు చాలా సినిమాల్లో ఉంది. చేతులు ఉన్నాయి, పాదాలు ఉన్నాయి. మొహం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ సంగతి ఆమెను అంత బాధపెట్టేది కాదేమో, అదే సందులో ఆమె తోడికోడలు వరహాలమ్మ లేకపోయుంటే. వరహాలమ్మ కూడా జూనియర్ ఆర్టిస్టే. ఎప్పుడో ఒక సినిమాలో పక్కింటి పిన్నిగా గుమ్మంలో నిలబడి, "అయ్యో, ఎంత పని జరిగిపోయింది" అంది. మొహం నిండా కనిపించింది. ఆ ముక్కను ఫోనులో దాచుకుని, పాలవాడికీ, గ్యాసు తెచ్చినవాడికీ, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేది. అది చూపించాక రత్నం వైపు తిరిగి, "నీదేదైనా ఉంటే సూపించవే" అనేది. రత్నం తనది ఏదైనా చూపించబోతే, "ఆ వీపు నీదేనని మాకేటి తెల్సు? వీపులకి పేర్లుంటాయేటి?" అని నవ్వేది. ఇవన్నీ రత్నం నాకు చెప్పలేదు. తల మీద కూర్చుంటే లోపల నలిగేవి మనకు వినిపిస్తాయి.

రత్నం ఖాదర్ భాయ్ దుకాణానికి వచ్చింది ఒక దెయ్యం సినిమా కోసం. దాని పేరు 'ఆఖరి కుట్టు'. ఒక ఆసుపత్రిలో దొంగ ఆపరేషన్లు చేసే డాక్టర్లు, వాళ్ళ గుట్టు తెలిసిన నర్సును చంపేస్తారు. ఆ నర్సు దెయ్యమై, ఒక్కొక్క డాక్టరునూ కత్తెరతో పొడిచి, అబద్ధాలు చెప్పిన నోళ్ళను సూదీ దారంతో కుట్టేస్తుంది. కథ అంతే. నర్సుగా శ్రేష్ఠ అనే కొత్త హీరోయిన్. నర్సు చచ్చాక దెయ్యంగా దూకడాలూ పొడవడాలూ రత్నానివి.

ఖాదర్ భాయ్ నన్ను మేకు మీంచి తీసి రత్నం తలకు తగిలించి, దువ్వెనతో మొత్తం ముందుకు లాగాడు. గడ్డం దాకా కప్పేశాను. రత్నం మెల్లగా అడిగింది, కళ్ళయినా కనపడక్కర్లేదా అని.

"దయ్యానికి మొఖమెందుకమ్మా? ఎంటికలు చాలు" అన్నాడాయన.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నేళ్ళకు నన్ను మొహానికి అందం కోసం కాక, మొహం బదులుగా పెట్టారు. అద్దంలో నేను తప్ప ఇంకేమీ లేదు. రత్నం ఆ అద్దంలో తనను తాను వెతుక్కుని, కనపడక, తల దించుకుంది.

షూటింగు గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో, మూతబడ్డ నర్సింగ్ హోములో జరిగింది. దాన్ని నడిపిన డాక్టరుగారు పెద్దవారైపోయి తాళం వేశారట. గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు అలాగే ఉంది. దాని కిందే రోజంతా అరుపులు తీసేవాళ్ళు. రాత్రిపూట తీసే స్థోమత లేక, పట్టపగలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి రాత్రి చేశారు. లోపల ఉక్క. బయట ఎండలో ఊరి జనం గుంపుగా నిలబడి, తలుపు తెరిచినప్పుడల్లా తొంగి చూసేవారు. ఒకామె అయితే సరాసరి దర్శకుడి దగ్గరకే వచ్చి, "మా ఇద్దరు పిల్లలూ ఈ గదిలోనే పుట్టారండీ బాబూ. పురుళ్ళు పోసినచోట ఈ రక్తాలేంటండీ" అని నిలదీసింది. ఆయన ఆమెకు కాఫీ ఇప్పించి, మర్నాడు అదే గదిలో ఒక డాక్టరును చంపించాడు. శవం చుట్టూ గుమిగూడే రోగుల్లో ఆమెనే ఒకర్తెగా నిలబెట్టాడు. ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఆ దర్శకుడి పేరు ప్రద్యుమ్న. మంచివాడే. అందరికీ మాట ఇచ్చేవాడు.

రక్తం పంచదార పాకంతో కాచేవారు. ఎర్రరంగు కలిపి, కాస్త నలుపు రావడానికి ఇంకేదో పోసేవారు. దానికి చీమలు పట్టేవి. రత్నం కత్తెర ఎత్తి మీదికి దూకబోతూ మధ్యలో ఆగి తల గోక్కునేది. "దెయ్యానికి పేలేంటమ్మా" అని అసిస్టెంట్లు నవ్వేవాళ్ళు. అయినా నేనున్నానంటే జడుసుకునేవాళ్ళే. తెర చాటునుంచి నా కొసలు నెమ్మదిగా కనబడితే, తెలిసి తెలిసి చచ్చే వేషం వేసినవాళ్ళు కూడా నిజంగా వెనక్కి తగ్గేవాళ్ళు. మానిటరు దగ్గర కూర్చున్నవాళ్ళు, "అబ్బ, ఆ జుట్టు చూడండి" అనుకుంటుంటే నేను ఉప్పొంగిపోయేదాన్ని.

ఆ జుట్టు కింద ఒక మనిషి ఉందని గుర్తున్నది కెమెరా పట్టే సత్యంబాబు ఒక్కడికే. షాటు కాగానే, "కాస్త గాలి తగలనివ్వండమ్మా" అని నన్ను పక్కకు తొలగించమనేవాడు. అందుకే ఆయనంటే నాకు పడేది కాదు.

ఒకరోజు భోజనాల వేళ రత్నం ధైర్యం చేసి దర్శకుడి దగ్గరకు వెళ్ళింది. నన్ను చేత్తో పట్టుకుని ఉంది.

"సార్, అడగకూడదు గానీ... ఒక్క షాటు మొహం కనపడేటట్టు ఎట్టండి సార్. ఇంకేటీ అడగను."

ప్రద్యుమ్న అన్నం కలుపుకుంటూ ఆలోచించాడు. చివర్లో దెయ్యానికి శాంతి దొరికేచోట గాలికి జుట్టు తొలగుతుందనీ, ఆ మొహం ఆమెదే పెడతాననీ చెప్పాడు. ఇది అంత తేలిగ్గా చెప్పేశాడంటే మర్చిపోవడం కూడా అంతే తేలికని నాకు అర్థమైంది. రత్నానికి అర్థం కాలేదు. అప్పటికప్పుడు వరండా చివరికి వెళ్ళి ఫోను చేసింది. మొగుడికి కాదు, వరహాలమ్మకు. "అక్కా, ఈ బొమ్మలో నా మొహం ఉంటాది. మొదటాట సూడు" అంది. అవతల్నుంచి, సందు మొత్తాన్నీ తీసుకొస్తాను, అందులో నీ మొహం లేకపోతే నీ సంగతి చెప్తాను అన్న మాటలు నాక్కూడా వినిపించాయి.

ఆ రోజునుంచి నేను నిద్రపోలేదు. గాలికి తొలగాలట. నేను తొలిగితే చూపు పడేది ఎవరి మీద? ఇన్నాళ్ళూ నేనే ఆ సినిమాకు మొహం. ఒక్క క్షణం ఆమెది కనిపిస్తే, మళ్ళీ నేను మేకుకు వేలాడే విగ్గునే. రత్నం రోజూ సాయంత్రం నన్ను గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, చిక్కులు తీసి, ఆరబెట్టేది. అంత చాకిరీ చేసిన మనిషి మీద అలా కుళ్ళుకోవచ్చునా అంటే, కుళ్ళుకు అవన్నీ పట్టవు.

నేను కంగారు పడనక్కర లేకపోయింది. ఆ పని శ్రేష్ఠ చేసింది. శాంతి దొరికే షాటులో మొహం డూపుది అని తెలియగానే, ఆమె తన మేనేజరుతో కబురు పెట్టించింది. దెయ్యం అంటే నర్సే కదా, నర్సు అంటే నేనే కదా, మరి ఆ మొహం ఎవరిది అవుతుంది అని. అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. ప్రద్యుమ్న ఆమెకూ సరేనన్నాడు.

నన్ను కడిగి, సెంటు కొట్టి, శ్రేష్ఠ తలకు పెట్టారు. పెద్ద ఫ్యాను పెట్టారు. నేను చక్కగా తొలిగాను. ఆమె మొహం చల్లగా, అందంగా, సబ్బు ప్రకటనలో లాగా కనిపించింది. ఆమె కారెక్కి వెళ్ళిపోయింది. రత్నం గోడవారగా నిలబడి అంతా చూసింది. దర్శకుడు ఆమె దగ్గరకు వచ్చి ఏదో చెప్పబోతే, "పర్లేదు సార్" అంది. ఆయన ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు. పర్లేదు అన్నవాళ్ళను మళ్ళీ అడిగే అలవాటు మనుషులకు లేదు.

ఇక మిగిలింది ఆఖరి షాటు. ఆత్మ వెళ్ళిపోయాక దెయ్యం శరీరం ఆపరేషన్ బల్ల మీద ప్రాణం లేకుండా పడి ఉండాలి. మొహం కనబడక్కర్లేదు. కాబట్టి రత్నం చాలు. ఆమెను పడుకోబెట్టి, నన్ను మొహం మీద పరిచి, పాకం రక్తం పోశారు. ఆమె కదలకుండా పడుకుంది. చీమలు పాకినా కదల్లేదు. నా కింద ఆమె చెంప తడిగా ఉంది. అది పాకం కాదు.

ప్రద్యుమ్న కట్ చెప్పి, ప్యాకప్ కూడా చెప్పేశాడు. అందరూ వైర్లు చుట్టడం మొదలుపెట్టారు.

సత్యంబాబు మాత్రం కెమెరా ఆపలేదు. సినిమావాళ్ళకు ఒక ఆచారం ఉంది. శవంగా పడుకున్నవాళ్ళు షాటు కాగానే లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు కెమెరాలో పడితేనే ఆ చావు ఉత్తుత్తిదని పైవాడికి తెలుస్తుందట. లేకపోతే నిజమనుకుని రాసుకుంటాడట. పెద్ద హీరోలకైతే తప్పకుండా చేస్తారు. డూపులకు ఎవరు చేస్తారు? ప్రద్యుమ్న వాచీ చూసుకుని, ఆమెకెందుకండీ, లైట్లు తీసేయండి అన్నాడు.

"లేదండి" అన్నాడు సత్యంబాబు. "ఆవిడకీ ఇల్లుంది, పిల్లలున్నారు. నవ్వకుండా పంపిస్తే ఆ దోషం నాకు. లేవండమ్మా. లేచి ఇటు చూసి నవ్వండి."

రత్నం లేచి కూర్చుంది. నేను మొహం మీదే ఉన్నాను.

"జుట్టు తియ్యండమ్మా. నవ్విందెవరో పైవాడికి తెలియాలి కదా."

ఆమె రెండు చేతులూ ఎత్తింది. నేను వదల్లేదు. పాకం ఆరి, నా పాయలన్నీ ఆమె చెంపలకు అంటుకుపోయి ఉన్నాయి. నేను చేతనైనంత గట్టిగా పట్టుకున్నాను. ఆమె లాగింది. ఒక పాయ ఊడి వచ్చింది. ఇంకోటి లాగింది, అది చర్మాన్ని సాగదీసి నెమ్మదిగా వచ్చింది. ముందు ఒక కన్ను బయటపడింది. తర్వాత ముక్కు, ఆ తర్వాత రెండో కన్ను. అంతకంటే తొందరగా నేను పోనివ్వలేదు. చివరకు మొహమంతా బయటికి వచ్చింది. ఎర్రటి పాకంలో, చీమలతో, చెమటతో. ఆమె కెమెరా అద్దంలోకి చూసింది. అందులో ఎవరో ఉన్నట్టు, ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న మనిషి అక్కడ దొరికినట్టు చూసి, పెదవి ఒక చివరనుంచి మొదలుపెట్టి నవ్వింది.

నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా, "సూడవే" అంది.

సత్యంబాబు కెమెరా ఆపి, చాలమ్మా అన్నాడు. షూటింగు అయిపోయిందని గుమ్మడికాయ కొట్టారు. నన్ను సంచిలో పడేశారు.

ఆ తర్వాతి సంగతులు నేను చూసినవి కావు. సినిమా విడుదలకు నన్ను మళ్ళీ అద్దెకు తీసుకెళ్ళడానికి వచ్చిన అసిస్టెంటు ఖాదర్ భాయ్‌తో చెబుతుంటే విన్నాను. ఎడిటింగు చేసినవాడు పెళ్ళి వీడియోలు కత్తిరించి వచ్చినవాడట. సినిమావాళ్ళ ఆచారాలు అతనికి తెలియవు. ఆఖరి షాటు చూస్తూ పోతుంటే, చచ్చిన దెయ్యం లేచి కూర్చుని, జుట్టు ఒలుచుకుని నవ్వింది. మధ్యలో క్లాప్ బోర్డు లేదు, కెమెరా ఆగిందీ లేదు. ఇదే ముగింపు కాబోలు అనుకుని, వెనకనుంచి వినబడ్డ మాటలు తీసేసి, అలాగే అతికించేశాడు.

మొదటిసారి వేసి చూసుకున్నప్పుడు, సినిమా కొనడానికి భీమవరం నుంచి వచ్చిన రాజుగారు టీ ఒళ్ళో పోసుకున్నారట. ప్రద్యుమ్నకు అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక నిమిషం అర్థం కాలేదు. రాజుగారు పంచె దులుపుకుంటూ, "ఆ నవ్వు ఎలా తట్టిందండీ బాబూ మీకు?" అని అడిగితే, కథ రాసుకున్న రోజునుంచీ మనసులో దాచుకున్నానని చెప్పాడట. శ్రేష్ఠ మాత్రం ఊరుకోలేదు. తన సినిమా డూపు మొహం మీద ముగియడమేమిటి, తీసేయండి అంది. ఆమెకూ సరేననబోయాడు. రాజుగారు అడ్డం పడ్డారు. "ఆ నవ్వు తీసేస్తే బొమ్మ నాకొద్దండి."

అలా ఆ నవ్వు ఉండిపోయింది. ఈ రభసలో రత్నానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

విడుదల రోజు ఉదయం ఆటకు రత్నాన్ని థియేటరు గుమ్మంలో దెయ్యం వేషంతో నిలబెట్టారు. ప్రచారమట. నేను మళ్ళీ ఆమె మొహం నిండా పరుచుకుని ఉన్నాను. పిల్లలు వచ్చి ముట్టుకుని కెవ్వుమని పారిపోతున్నారు. కాలేజీ వాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ ఫోటోలన్నిట్లోనూ నేనే. నాకు అంత మంచి రోజు ఇంకోటి లేదు.

వరహాలమ్మ అన్నట్టే సందులో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. దెయ్యం ముందు ఆగి, ముందు పాదాల వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఏటే రత్నం, లోపలెలాగూ కనపడవు. బయటా కనపడవేటి?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. రత్నం నా కిందనుంచే, "మొహం నాకు దక్కలేదక్కా. ఆ హీరోయినమ్మకి ఇచ్చీసినారు" అంది.

"నాకు తెల్సు" అని వరహాలమ్మ పాప్‌కార్న్ సంచితో లోపలికి వెళ్ళిపోయింది.

సినిమా ముగిసే వేళకు రత్నం పక్క తలుపులోంచి హాల్లోకి దూకి జనాన్ని బెదరగొట్టాలని చెప్పారు. అందుకని ఆమె చీకట్లో తలుపు దగ్గర నిలబడి ఉంది. తెర మీద గాలికి నేను తొలిగాను. శ్రేష్ఠ మొహం చల్లగా కనిపించింది. జనం లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. బల్ల మీద శవం. అయిపోయిందనుకున్నారు.

శవం లేచి కూర్చుంది.

లేచినవాళ్ళు లేచినట్టే ఆగిపోయారు. తెర మీద నా పాయలు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. ఒక కన్ను. ముక్కు. ఇక్కడ తలుపు దగ్గర రత్నానికి నా సందుల్లోంచి సరిగ్గా కనపడలేదు. నన్ను వెనక్కి తోసింది. నేను పట్టుకోవడానికి ఈసారి పాకం లేదు. జారి నేల మీద పడ్డాను. ఆ నవ్వు వచ్చినప్పుడు హాలంతా అరిచిన అరుపు నాకు నేల మీంచి వినిపించింది. అంత అరుపు నా కోసం ఎవరూ ఎప్పుడూ అరవలేదు.

లైట్లు వెలిగాయి. తలుపు దగ్గరున్నవాళ్ళు తిరిగి చూసేసరికి అదే మొహం ఎదురుగా ఉంది. వాళ్ళు మళ్ళీ అరిచారు. కొందరు సీట్ల మీంచి దూకారు. తర్వాత నవ్వులు, చప్పట్లు, ఫోన్లు. ఇందాక నాతో ఫోటో తీసుకున్న అమ్మాయే పరుగెత్తుకు వచ్చి, "మేడమ్, ఇంకోటి తీసుకుందాం, జుట్టు లేకుండా" అంది. ఎవరిదో చెప్పు నా మీద పడింది.

జనం పల్చబడ్డాక వరహాలమ్మ చివర్న వచ్చింది. పాప్‌కార్న్ సంచి అలాగే ఉంది, సగం కూడా తినలేదు. తోడికోడలి మొహాన్ని, అదేదో ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"అందరూ దెయ్యం నవ్విందనుకుంటన్నారు" అంది. "నన్ను సూసే నవ్వేవు గదే?"

"అవునక్కా."

"అంత కుళ్ళు ఎక్కడ దాసుకున్నావే ఇన్నాళ్ళూ?"

"మొహంలోనే ఉందక్కా. ఎవులు సూసేరు?"

వరహాలమ్మ వంగి నన్ను తీసి, కొంగుతో దులిపి, రత్నం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రత్నానికి ఇప్పుడు వేషాలు వస్తున్నాయి. పెద్దవేమీ కావు, దెయ్యాలూ, మంత్రగత్తెలూ, గయ్యాళి నర్సులూ. అయితే అన్నిట్లోనూ మొహం కనపడాలట. ఒకసారి ఖాదర్ భాయ్ నన్ను చూపిస్తే, ఆమె నన్ను చేతుల్లోకి తీసుకుని, చెవి పక్క ఇంకా మిగిలిన ఎర్రటి గడ్డను గోటితో గీకి తీసింది. "ఈసారి ముడి సాలంట భాయ్" అని ఒక పిడికెడు కొప్పును ఎంచుకుని వెళ్ళింది. ఆ కొప్పు మీద నాకు ఇప్పటికీ మంటే. అబద్ధమెందుకు చెప్పాలి? ఇంతకాలానికి నేను మంచిదాన్ని అయిపోయానని చెబితే బాగుంటుంది గానీ, కాలేదు. ఆ నవ్వును పెంచింది నేనే కదా అనిపిస్తుంది. అన్ని రోజులు నేను మూసి ఉంచకపోతే అది అంతగా ముదిరేదా? గట్టిగా పట్టుకోకపోతే అంత నెమ్మదిగా, అంత భయపెట్టేలా బయటికి వచ్చేదా? ఈ మాట ఎవరితో చెప్పుకోను?

మొన్న మధ్యాహ్నం దుకాణానికి వరహాలమ్మ వచ్చింది. ఏదో దెయ్యం సినిమాకు మనుషులను చూస్తున్నారట. నన్నే కావాలని అడిగింది, 'ఆఖరి కుట్టు' విగ్గు అని పేరు పెట్టి మరీ. నన్ను పేరుతో అడిగినవాళ్ళు ఆమె ఒక్కతే. ఖాదర్ భాయ్ నన్ను తల మీద పెట్టి, పిన్ను పూర్తిగా బిగించకుండానే టీకి వెళ్ళాడు.

ఆమె అద్దం ముందు కూర్చుని నన్ను ముందుకు లాక్కుంది. తర్వాత ఒక్కొక్క పాయ తీస్తూ మొహం బయటపెట్టి, అద్దంలోకి చూసి నవ్వింది. కుదరలేదు. మళ్ళీ కప్పుకుని మళ్ళీ తీసింది. పెదవి ఒక చివరనుంచి మొదలుపెట్టింది. పళ్ళు కనబడ్డాయి, బుగ్గలు లేచాయి. పక్కింటి పిన్ని పేరంటానికి వచ్చి నవ్వినట్టుంది. ఎన్నిసార్లు చేసినా ఆ పక్కింటి పిన్నే వచ్చింది. ఆమె మొహాన్ని అందరూ ఎప్పుడో చూసేశారు. అందులో దాగి ఉన్నదంటూ ఏమీ లేదు. అది ఆమెకూ తెలిసిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసింది.

ఆ మొహాన్ని చూస్తే నాకు అసూయ పుట్టలేదు. ఒక మొహాన్ని చూసి అలా ఉండడం నాకు కొత్త.

పిన్ను వదులుగానే ఉంది. నేను ముందుకు జారి ఆమె మొహం కప్పాను. ఆమె నన్ను తీయలేదు. ఖాదర్ భాయ్ టీ తాగి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.